రథం పాటలో ఒక తిట్టు

నా మనవరాలు నడిపే తెలుగు క్లాసును మూసేయాలని మా గుడి కమిటీ తలపెట్టడానికి కారణం ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. ఆ మాట బ్లడీ. మావాళ్ళ నోట్లో అది బ్లాడీ. కూలికి బర్మా వచ్చి రేవులో మూటలు మోసిన మా తాతల నోట్లోనూ అంతే.

మనవరాలంటే నా కూతురి కూతురు. తండ్రి బర్మావాడు, బౌద్ధుడు, నెమ్మదైన మనిషి. ఆ పిల్ల వారంలో ఆరు రోజులు ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తుంది. ఏడో రోజు, తక్కినవాళ్ళు పడుకునే రోజు, రెండు బస్సులు మారి తామ్వే పేటలో మా అమ్మవారి గుడికి వస్తుంది. గుడి వెనక గదిలో పదీ పదిహేను మంది పిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. ఈ పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, నోరు తిరగదు. నాయనమ్మ తెలుగులో కేకలేస్తే బర్మా భాషలో జవాబు చెప్పే రకం. నా మనవరాలూ అలాగే పెరిగింది. పెద్దయ్యాక పట్టుబట్టి నా దగ్గర కూర్చుని చదవడం నేర్చుకుంది.

గుడిలో ఆమెను చాలాకాలం "బర్మావోడి కూతురు" అన్నారు. ఎదురుగానే అన్నారు, ఆమెకు అర్థం కాదనుకుని. క్లాసు మొదలుపెట్టాక మెల్లగా మాట మారింది. పిల్లలు సయామా అని పిలుస్తారు, బర్మా భాషలో పంతులమ్మని అలాగే అంటారు. పిల్లలను చూసి పెద్దలు కూడా "మన సయామా" అనడం మొదలుపెట్టారు. ఆ "మన" కోసం ఆమె ఎన్నాళ్ళు కాచుకుని ఉందో నాకు తెలుసు. ఆమె నోటితో చెప్పలేదు, చెప్పే మనిషీ కాదు. ఆ గది పోతే ఆమె మళ్ళీ బర్మావోడి కూతురే.

గొడవ ప్రెసిడెంటు ఇంట్లో పుట్టింది. ఆయన మనవరాలు ఆరేళ్ళది, మా క్లాసులో చదువుతుంది. సింగపూరు నుంచి వచ్చిన చుట్టాల ముందు పిల్లచేత తెలుగు పాట పాడించారు. ఆ పిల్ల రథం పాట ఎత్తుకుంది. అందులో ప్రతి పాదానికీ చివర బ్లాడీ ఉంటుంది. చుట్టాలు పొట్ట పట్టుకుని నవ్వి, "ఇదేం నేర్పుతున్నారండీ మీ గుడిలో, ఇది బూతు కదా" అన్నారట. ప్రెసిడెంటు తల కొట్టేసినట్టయింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. రాదని ఆరోజు అందరి ముందూ తేలిపోయింది. ఆ కోపమంతా సయామా మీదికి తిరిగింది.

ఆ పాట ఏమిటో చెప్పాలి. ఏటా అమ్మవారి పండక్కి చిన్న కర్ర రథం లాగుతాం. ఇదివరకు వీధుల్లో తిప్పేవాళ్ళం, ఈమధ్య సర్కారు బయటికి రానివ్వడం లేదు కనుక గుడి ఆవరణలోనే తిప్పుతున్నాం. తాడు పట్టుకున్నాక ఒకడు పాట అందుకుంటాడు:

ఓడొచ్చీసిందిరో... బ్లాడీ!
మోతొచ్చీసిందిరో... బ్లాడీ!
దొర తిట్టీసినాడురో... బ్లాడీ!
అమ్మ చూత్తాదిరో... బ్లాడీ!

మొదటి సగం ఒక్కడిది, బ్లాడీ అందరిది. ఆ మాట దగ్గరే ఒంటి బరువంతా తాడు మీద వేసి లాగుతారు. లాగలేని ముసలమ్మలు పక్కన నిలబడి ఆ మాట దగ్గరే చేతులెత్తి దండం పెడతారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ పెడుతున్నారు.

ఇది గుడికోసం కట్టిన పాట కాదు, రేవు పాట. మా అయ్య ఓడల్లో బియ్యం బస్తాలెత్తే గ్యాంగులో ఉండేవాడు. ఆయన కుర్రతనంలో రేవు మీద దొర ఉండేవాడట. ఆ దొరకు తాడు తెగితే బ్లడీ తాడు. వాన పడితే బ్లడీ వాన. ఎండ కాస్తే బ్లడీ ఎండ. మా అయ్య బ్లడీ కూలీ. సాయంత్రం పని తెమిలితే సంతోషంతో బ్లడీ గుడ్. ఒకే మాట తిట్టుకీ మెప్పుకీ ఎలా పనికొస్తుందో మావాళ్ళకు అంతుపట్టలేదు. చివరికి మేస్త్రీ తేల్చాడట: "ఆ మాటకి సొంత అర్దం నేదర్రా. పక్క మాటకి బరువు కడతాదంతే." ఏ పెద్ద చదువులవాడైనా అంతకన్న ఏం చెప్పగలడు?

అలా తేల్చుకున్నాక దాన్ని పాటలో కట్టుకున్నారు. దొర రోజంతా విసిరిన మాటను దొర ఎదుటే, దొర సరుకు లాగుతూ, గొంతెత్తి వాడి ముఖాన్నే అన్నారు. పాటలో అంటే వాడేం చేయగలడు? పని సాగుతోంది కదా, ఊరుకున్నాడు. స్వాతంత్ర్యం వచ్చి దొరలు పోయారు. కొన్నాళ్ళకు రేవు పని కూడా మాకు పోయింది. పాట మాత్రం తాడుతోబాటు గుడికి వచ్చింది.

ఇక నా సంగతి. నేను నాలుగో తరగతితో బడి మానేశాను. ఇంగ్లీషు నాకు నేనే నేర్చుకున్నాను, పాన్సొడాన్ వీధి అరుగుల మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ళ దగ్గర చెదలు తిన్న నిఘంటువులు తెచ్చుకుని. మొట్టమొదట వెతికిన మాట ఇదే. మా అయ్యను ఏమని పిలిచారో తెలుసుకోవాలి కదా!

వెతికినకొద్దీ నా ఒళ్ళు మండింది. ఈ మాటను ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు తమ దేశంలో అచ్చు వేయడానికి కూడా సిగ్గుపడేవాళ్ళు. మొదటి అక్షరం వేసి గీత గీసేవాళ్ళు. పెద్దింటి ఆడవాళ్ళ ముందు నోరు జారితే క్షమాపణ చెప్పుకునేవాళ్ళు. తమ ఇంట్లో గీత చాటున దాచుకున్న మాటను మా రేవులో బస్తాలకొద్దీ దించారు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు దాన్ని తిట్టుగా కూడా లెక్కపెట్టరట. చిన్న తిట్టట, ముద్దు తిట్టట. వాళ్ళకు చిన్నదే.

పుట్టుక గురించి కథలు చాలా ఉన్నాయి. మేరీ మాతను వాళ్ళు మా అమ్మ అంటారు కదా, ఆ అమ్మ మీద ఒట్టు, బై అవర్ లేడీ, అని పూర్వం వేసుకున్న ఒట్టే అరిగి అరిగి ఇలా అయిందని ఒక కథ. తాగి వీధుల మీద పడే జమీందారీ కుర్రాళ్ళను అక్కడ ‘బ్లడ్స్’, అంటే నెత్తురుగాళ్ళు, అనేవారనీ, వాళ్ళలా తాగాడు అనడంలోంచి పుట్టిందనీ ఇంకో కథ. ఏమీ లేదు, ఉత్త నెత్తురే అనేది మూడోది. ఖాయంగా ఎవరికీ తెలియదు. మొదటిది మాత్రం నిలవదు. ఆ మాట పాత వాడుకలన్నీ "బ్లడీ తాగి ఉన్నాడు" లాంటివి, అక్కడ ఏ ఒట్టూ అతకదు. దిద్దుకుని దిద్దుకుని నేను తెలుసుకున్న సంగతి ఇది. ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకున్నది కాదు.

ఆదివారం పొద్దున కమిటీ కూర్చుంటుందని ముందురోజు సెక్రటరీ నన్ను టీకొట్టుకు పిలిచాడు. నాకు వరసకు మేనల్లుడు, మంచివాడే. మంచివాళ్ళతోనే నాకు ఎక్కువ చిక్కు వస్తుంది.

"మావా, రేపు నిన్నే అడుగుతారు. ఇంగ్లీషు తెలిసినోడివి నువ్వొక్కడివే గదా."

"అడగనీ."

"నాను ఫోనులో సదివినాను. ఆ మాటకి అమ్మ మీద ఒట్టు అని అర్దముందట. నిజమేనేటి?"

"కాదు. అది కట్టుకథ."

"కట్టుకతో పుట్టుకతో, ఎవులికి తెలుసు మావా? అమ్మ మీద ఒట్టేసి అమ్మ రథం లాగుతున్నాం అని నువ్వొక్క మాట అను. పెసిడెంటు దండమెట్టి ఇంటికెల్లిపోతాడు. గది ఉంటాది, క్లాసు ఉంటాది, నీ మనవరాలు గుంట ఉంటాది."

"నా నోటితో ఎలా అనమంటావురా? అది అబద్ధమని నాకు తెలుసు."

"నీకు తెలుసు. ఆలకి తెలవదు గదా!"

అదే నాకు మండిపోయేది. ఆలకి తెలవదు గదా అనే మాట మీదే మా బతుకులు నడిపించారు. దొర నడిపించాడు, మేస్త్రీ నడిపించాడు, ఈ కమిటీ నడిపిస్తోంది. ఇప్పుడు నా వంతు కావాలట! టీ సగంలో వదిలేసి లేచాను.

మర్నాడు పొద్దున మనవరాలు మామూలు కంటే ముందే బయల్దేరి మా ఇంటికి వచ్చింది. సెక్రటరీ అప్పటికే ఆమెకు ఫోను చేసి అంతా చెప్పేశాడు. గుమ్మంలోనే నిలబడింది, చెప్పులు విడవలేదు.

"తాతా, ఏటి సెప్తావు ఈరోజు?"

"ఉన్నది చెప్తాను."

"ఉన్నదంటే తిట్టనా?"

"తిట్టే. కానీ ఎలాంటి తిట్టో, ఎందుకు పాటలోకి వచ్చిందో, అదంతా వివరంగా..."

"అదంతా వింటారేటి ఆలు? తిట్టు అన్నకాడ ఆపీస్తారు."

"వినేట్టు చెప్తాను."

నా మొహంలోకి చూసింది. కళ్ళ కింద నల్లగా ఉంది. ముందురాత్రి ఫ్యాక్టరీలో ఓవర్‌టైము ఉందట. "అమ్మ మీద ఒట్టు అని సెప్తే ఏటి పోతాది తాతా? అమ్మే గదా. మంచి మాటే గదా." మధ్యలో బర్మా భాషలోకి వెళ్ళిపోయింది. ఆ పిల్లలు ఇంకే పాటా నోరు తెరిచి పాడరు, ఈ ఒక్క పాటకే గొంతెత్తుతారు, దాని వెంబడే అక్షరాలు వస్తున్నాయి, ఇప్పుడు గది తాళం వేస్తే వాళ్ళు ఇక రారు అంది. తన గురించి ఒక్క ముక్క అనలేదు.

నేను చొక్కా వేసుకున్నాను. ఇద్దరం గుడికి నడిచాం.

కరెంటు లేదు. జనరేటరు చప్పుడులో కమిటీ మండపంలో చాపలమీద కూర్చుంది. పిల్లల తల్లులు కొందరు స్తంభాల దగ్గర నిలబడ్డారు. పండక్కి ముందు వరసలో ఉండే ముసలామె ఒకామె, నాకన్నా పెద్దది, గోడకు చేరబడి కూర్చుంది. మనవరాలు తలుపు దగ్గరే ఆగింది, పిల్లల పలకలు రెండు చేతులా గుండెకు హత్తుకుని.

ప్రెసిడెంటు ఆమెకేసి చూడలేదు. నాతోనే అన్నాడు. "అన్నా, నువ్వు పెద్దోడివి. ఇంగ్లీషు సదివినోడివి. నాకు ఉపన్యాసం వొద్దు. ఆ మాట తిట్టా కాదా, అది సెప్పు సాలు."

నేను నోరు తెరిచేలోపే సెక్రటరీ అందుకున్నాడు. "మావా, దానికి అమ్మ మీద ఒట్టు అని పాత అర్దముందట గదా? నువ్వే సెప్పాల."

అందరూ నా వైపు తిరిగారు. దారి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు కూడా పెట్టేశాడు. ఒక్క తల ఊపితే చాలు. తలుపు దగ్గర మనవరాలు కదలలేదు. గోడ దగ్గర ముసలామె తల ఎత్తింది. జనరేటరు ఒకసారి దగ్గి మళ్ళీ అందుకుంది.

"కాదు," అన్నాను. "ఆ అర్థం లేదు. అది ఎవరో అల్లిన కథ."

సెక్రటరీ కళ్ళు మూసుకున్నాడు.

"అది తిట్టే. మా అయ్యనీ మీ అయ్యనీ రేవులో రోజంతా తిట్టిన తిట్టు. దాన్ని వాళ్ళు మింగి ఊరుకోలేదు. తాడుకి కట్టి లాగారు. దొర ఎదటే నిలబడి దొర మాటే దొరకి తిప్పి..."

"తిట్టే గదా," అన్నాడు ప్రెసిడెంటు.

"తిట్టే. కానీ..."

"అయిపోనాది. కూకో అన్నా."

"అయిపోలేదు! ఆ పాట లేకపోతే ఈ గుడికి రాయి పడేదా? ఆ నోళ్ళే కదా ఈ గుడి కట్టింది! మీ అయ్య పాడలేదా? నువ్వు పాడలేదా?"

"మాకు తెలవక పాడినాం. తెలిసినాక పాడతామేటి?"

అప్పుడు గోడ దగ్గర ముసలామె మాట్లాడింది. ఆమె ప్రెసిడెంటును అడగలేదు, నన్ను అడిగింది. "ఒరే, నాను పెళ్ళై ఒచ్చిన కాడినుంచీ ఆ మాటకి దండమెడతన్నాను. మా అత్త ఎట్టిందని ఎట్టినాను. తిట్టుకేట్రా నాను దండమెట్టింది? ఇన్నాళ్ళు నీకు తెలుసుగదా. ఒక్కసారైనా సెప్పలేదేట్రా?"

ఎవరూ అడగలేదు కనుక చెప్పలేదు. అంతే. ఆ సంగతి అక్కడ అనలేకపోయాను.

ప్రెసిడెంటు తలుపు వైపు తిరిగాడు. ఇప్పుడు గొంతులో మెత్తదనం వచ్చింది. గెలిచినవాడి మెత్తదనం. "అమ్మా, నీ తప్పు కాదు. నీకేటి తెలుసు. మనోలైతే ఇంట్లో ఎవులో ఒకలు సెప్పుందురు. ఆ మాట తీసీ. అమ్మవారి ముందల పిల్లలు సూత్తుండగా తప్పు దండం పెట్టీ. క్లాసు నడుపుకో. నేదంటే తాళం ఇచ్చీ."

మనోలైతే! నేను లేచి నిలబడ్డాను. ఆ మనిషిని ఏమన్నానో రాయను. రేవు మాటలే అన్నాను. మొత్తం వాడేశాను. స్తంభాల దగ్గర తల్లులు పిల్లల చెవులు మూశారు. చాప మీద వాళ్ళందరూ తలలు వంచుకున్నారు. ఒక్కడూ ఆ "మనోలైతే" తప్పని అనలేదు. సెక్రటరీ కూడా.

"తాతా, కూకో," అంది మనవరాలు.

గొంతు పెంచలేదు. పలకలు తలుపు పక్కన పెట్టింది, ఒకదాని మీద ఒకటి, అంచులు సరిచేసి. గర్భగుడి ముందుకు వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులూ నేల మీద ఆనించి నుదురు ఆనించింది. బర్మావాళ్ళు పగోడాలో చేసినట్టు మూడుసార్లు చేసింది. మావాళ్ళ దండం అలా ఉండదు. అది చూసి ఎవరో ఏదో గొణిగారు. ప్రెసిడెంటు చెయ్యెత్తి ఆపాడు. "తప్పైపోనాది," అంది, అందరికీ వినపడేలా, తెలుగులో. తర్వాత లేచి పలకలు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళింది. పిల్లలు ఒక్కొక్కరే ఆమె వెనక వెళ్ళారు. ప్రెసిడెంటు మనవరాలు అందరికన్నా ముందు వెళ్ళింది.

నేను బయట అరుగు మీద కూర్చున్నాను. గదిలోంచి అక్షరాలు వినిపించాయి. పాట వినిపించలేదు.

క్లాసు అయ్యాక బస్టాపు దాకా వెంట నడిచాను. ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఆమె గొడుగు విప్పి మామూలుగానే నా మీదికి సగం వంచింది. అదే నాకు ఇంకా కష్టమైంది.

"వాడి ముందు వంగాల్సింది కాదు నువ్వు," అన్నాను.

"ఇంకేటి సెయ్యాల?"

"తాళం వాడి ముఖాన కొట్టి రావాలి. మన ఇంట్లో పెట్టుకుందాం క్లాసు."

"నీ ఇల్లు మూడో అంతస్తు. కరెంటు ఉండదు. పిల్లల్ని గుడికంటే పంపుతారు, నీ ఇంటికంటే పంపుతారేటి?" కాస్త ఆగింది. "నువ్వు నిజం సెప్పినావు తాతా. మంచిదే. వంగింది నాను."

"ఆ అబద్ధం చెప్పి ఉంటే రేపటినుంచి నువ్వే దాన్ని పిల్లలకి నేర్పాల్సి వచ్చేది. ఇంగ్లీషువాడి తిట్టుకి మన అమ్మవారి పేరు తగిలించి..."

"నేర్పుదును," అంది. "ఆలు పెద్దై, నీలాగ సదివి, అబద్దమని తెలుసుకుందురు. తెలుసుకుంటానికి ముందల సదువు రావాల గదా."

నేను ఏదో అనబోయాను. బస్సు వచ్చేసింది. కండక్టరు కుర్రాడు తలుపుకు వేలాడుతూ లైంగ్‌థార్యార్, లైంగ్‌థార్యార్ అని అరుస్తున్నాడు. గొడుగు మడిచి నా చేతిలో పెట్టింది, ఎండలో తిరిగి నడవాలి కదా అని.

"వచ్చే ఆదివారం వస్తావా?" అన్నాను.

"నాను ఒత్తాను. నువ్వు క్లాసుకి రాకు తాతా. నువ్వుంటే ఎవులో ఒకలు ఏదో అడుగుతారు. నువ్వు సెప్తావు."

ఎక్కింది. లోపల సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని అటువైపు తిరిగి నిలబడింది.

అప్పటినుంచి ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటున్నాను. నేను చెప్పింది నిజం. మళ్ళీ అడిగినా అదే చెప్తాను, ఆ ప్రెసిడెంటుకే కాదు, ఆ ఇంగ్లీషువాడు లేచి వచ్చి అడిగినా చెప్తాను. మా కింది అంతస్తు పిల్ల క్లాసుకు వెళ్తోంది. మెట్ల మీద దాని తల్లి కనిపిస్తే ఏం నేర్చుకుందమ్మా అని అడుగుతూ ఉంటాను. మొన్న "క" గుణింతం అయిపోయి "ఖ" మొదలుపెట్టారట.